పెద్ద కొడుకుల తిక్క

నేను అనుమానం మనిషిని. ముందే చెప్పేస్తే మంచిది. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూడనిదే మెట్లు దిగను. మా నాన్న నాలుగుసార్లు లాగి చూసేవాడు. "ఆ తాను ముక్కే కదా" అని మా అమ్మ నన్ను చూసి నవ్వేది. ఈ గుణం ఆయన రక్తంలోంచి నాకు వచ్చిందా, లేక చిన్నప్పుడు రోజూ ఆయన పక్కన నిలబడి ఆ తాళం లాగడం చూసి నేర్చుకున్నానా? ముప్పై ఏళ్ళకు పైగా డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాక కూడా నాకు తెలియదు. తెలుసని ఎవరైనా అంటే వాళ్ళ మీదా నాకు అనుమానమే.

కుప్పంలో ఉద్యోగం మొదలుపెట్టాను, పుంగనూరులో ఎక్కువ కాలం ఉన్నాను, మదనపల్లెలో ముగించాను. ఎప్పుడు ఏ కుర్చీలో కూర్చున్నానో చదివి ఎవరికీ లాభం లేదు కాబట్టి అవి రాయను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఒక్కటి తెలుసుకుంటే చాలు. రోగి బతుకులో డాక్టరు కత్తి కంటే డాక్టరు నోరు ఎక్కువ లోతుకు దిగుతుంది. ముఖ్యంగా "ఈ మనిషి ఎందుకిలా ఉన్నాడు?" అని ఇంటివాళ్ళు అడిగినప్పుడు. నేను అట్లా నోరు జారిన సంగతి ఒకటుంది. దాన్ని నేను కనిపెట్టలేదు. ఇంతటి అనుమానం మనిషినై ఉండీ పదిహేనేళ్ళు హాయిగా ఉన్నాను. పోయిన ఏడాది ఒకామె చెబితే తెలిసింది.

మెడ మీద చెయ్యి

కుప్పంలో నా పై డాక్టరు పెద్ద వయసు ఆయన. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిపి ఒకే భాషగా మాట్లాడేవాడు. మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. కోపం వస్తే కేసు షీటు కిటికీలోంచి పారేసేవాడు, తర్వాత తనే వెళ్ళి తెచ్చుకునేవాడు.

నేను చేరిన కొత్తలో ఒక అత్త తన కోడల్ని తీసుకొచ్చింది. రోగం ఏమిటమ్మా అంటే, "సోమరితనం" అంది. పొద్దెక్కేదాకా లేవదట, పిలిస్తే పలకదట, పొయ్యి దగ్గర కూర్చుంటే లేవదట. "వాళ్ళమ్మా ఇంతే. విత్తొకటి యేస్తే సెట్టొకటి మొలుస్తాదా?" అని తీర్పు కూడా ఆమే ఇచ్చేసింది. నేను నవ్వుకొని బలం మాత్రలు రాయబోయాను. పెద్దాయన వెనకనుంచి వచ్చి ఆ పిల్ల మెడ మీద చెయ్యి పెట్టాడు. తర్వాత, "ఎండాకాలంలో కూడా సలేస్తాదా పాపా?" అని అడిగాడు. ఆ పిల్ల తలూపి ఏడ్చింది. గొంతు బొంగురు, చర్మం గరుకు, మెడలో వాపు. థైరాయిడ్ గ్రంథి పని చెయ్యడం లేదు. రోజుకొక మాత్రతో రెండు నెలల్లో ఆ సోమరి అత్త కంటే ముందు లేచి కళ్ళాపి చల్లింది.

ఆ పిల్ల తల్లిని కూడా పిలిపించి చూశాం. ఆమెకూ అదే వాపు. అంటే అత్త చెప్పింది ఒక విధంగా నిజమే, అది తల్లినుంచే వచ్చింది. కానీ వచ్చింది సోమరితనం కాదు, జబ్బు. ఇరవై ఏళ్ళు ఆ తల్లి తిట్లు తిని బతికింది.

ఆ రోజు పెద్దాయన అన్నది నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఇంటోళ్ళు సెప్పేది ఇను, నమ్మబాక. నీ బుర్రలో తట్టేది ఉందే, దాన్ని అసలే నమ్మబాక."

మొదటి సగం బాగా పట్టుకున్నాను.

పుట్టిన రోజే తెలిసేది

రక్తానికి ఏ పాత్రా లేదని నేను అనను. కాన్పుల వార్డులో పనిచేసినవాళ్ళెవరూ అనలేరు. ఒకే పొద్దున పుట్టిన ఇద్దరు పసికందులకు ఒకే సూదితో గుచ్చినట్టు టీకా వేస్తే, ఒకడు వార్డు కప్పు ఎగిరిపోయేలా ఏడుస్తాడు, ఇంకొకడు మూతి ముడిచి మళ్ళీ నిద్రపోతాడు. వాళ్ళకింకా అమ్మ పెంపకమూ లేదు, అయ్యవారి బెత్తమూ లేదు. ఏదో పుట్టుకతో వస్తుంది. సరే. కానీ ఆ ఏదో అన్నది ఎంత, దాని మీద తిండి ఎంత, నిద్ర ఎంత, గ్రంథులు ఎంత, తాగే నీళ్ళు ఎంత, పీల్చే గాలి ఎంత అని విడదీసి చెప్పగలిగినవాణ్ణి నేను చూడలేదు.

మన జనానికి మాత్రం విడదీసే పనే లేదు. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అంటారు, లేచి వెళ్ళిపోతారు. ఆ చేనుకు ఏం మందు కొట్టారని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

నల్ల చతురస్రాలు

పుంగనూరులో ఉండగా తంబళ్లపల్లె వైపు పల్లెనుంచి నరసమ్మ అనే ఆమె మొగుణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. చంకలో రెండేళ్ళ ఆడబిడ్డ. వెనకాల అత్త. మొగుడి పేరు గంగులప్ప. వాళ్ళది గొర్రెల ఇల్లు. పెద్ద మంద, కొంచెం మెట్ట, బోరు నీళ్ళు పారినంత మేర టమోటా.

"ఈయప్ప ఇట్లాంటోడు కాదమ్మా" అని మొదలుపెట్టింది నరసమ్మ. "పెండ్లయిన కొత్తలో సీమను కూడా తొక్కేటోడు కాదు. ఇప్పుడు అన్నం తట్ట ఇసిరి కొడతాండాడు. గొర్రెలు ఎవురో తోలుకుపోయినారని దినానికి పదిసార్లు ఎంచుతాడు. మా తమ్ముడు ఇంటికొస్తే దొంగంటాడు. నిద్ర లేదు, ఒకటే సెమట."

గంగులప్ప తల దించుకొని ఉన్నాడు. నువ్వేమంటావప్పా అంటే మెల్లగా చెప్పాడు. "కోపం వచ్చేటప్పుడు అది నాది కాదనిపిస్తాది మా. వచ్చినాక నాదే అయిపోతాది. ఆ బిడ్డ నన్ను సూసి మంచం కింద దూరతాండాది."

అత్త వెనకనుంచి అందుకుంది. "మా వంశంలో పెద్దకొడుకులకు ముప్పై దాటితే ఈ తిక్క పడతాదమ్మా. ఈని నాయనా అంతే. మా మరిది ఇంట్లో పెద్దోడూ అంతే. వాళ్ళ తాతా అంతేనంట. సిన్నోళ్ళు మాత్రం బంగారం."

ఇది వినగానే నాకు ఒళ్ళు పులకరించింది, దాచుకోవడం ఎందుకు. పెద్దకొడుకులకు మాత్రమే వచ్చే గుణం! కాగితం తీసి వంశవృక్షం గీశాను. మగవాళ్ళకు చతురస్రాలు, ఆడవాళ్ళకు సున్నాలు, తిక్క పడినవాళ్ళకు నలుపు. తాత, తండ్రి, చిన్నాన్న కొడుకు, గంగులప్ప. నాలుగు నల్ల చతురస్రాలు వరసగా కుదిరాయి. పెద్ద ఊళ్ళో మా ప్రొఫెసర్లకు చూపిస్తే ఏమంటారో అని కూడా ఊహించుకున్నాను. చెమట, నోట్లో ఊరిపోయే ఉమ్మి, చిన్నవైపోయిన కంటిపాపలు కూడా ఆ కాగితం అంచునే రాసుకున్నాను. రాసుకున్నాను గానీ చదువుకోలేదు.

నిద్రకు మాత్రలిచ్చి, మానసిక వైద్యుడికి చీటీ రాశాను. మొగుడూ అత్తా బయటికి వెళ్ళాక నరసమ్మ ఆగింది.

"అమ్మా, ఒగ మాట. నేను ఇంకో బిడ్డను కంటే, మగబిడ్డయితే, వాడే గదా పెద్దకొడుకు. వానికీ ఇదే వస్తాదా?"

నేను కాగితం మీద నల్ల చతురస్రాలు చూస్తూనే జవాబు చెప్పాను. "రక్తంలో ఉన్నట్టుందమ్మా. రావచ్చు, రాకపోవచ్చు. సగం సగం."

ఆమె కొంగుతో బిడ్డ ముక్కు తుడిచి, "సగమా" అంది. వెళ్ళిపోయింది.

మూడు నెలలకు నరసమ్మ ఒక్కతే వచ్చింది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంటానని. ఇంకొకరు వద్దా అని అడిగాను. "ఒగ బిడ్డ సాలు మా" అంది. నాకు మహా సంతోషం వేసింది. ఒక్క ఆడబిడ్డతో చాలనుకున్న పల్లెటూరి మనిషి! వార్డులో అందరి ముందూ ఆమె భుజం తట్టి, "చూసి నేర్చుకోండి. మగపిల్లవాడు, మగపిల్లవాడు అని ఒళ్ళు గుల్ల చేసుకుంటారు" అని ఉపన్యాసం ఇచ్చాను. ఆమె నేల చూపులు చూసింది. సిగ్గనుకున్నాను. చీటీ నేనే రాసి పంపాను.

తాళాన్ని మూడుసార్లు లాగి చూసే నేను ఆ రోజు ఆమెను రెండోసారి అడగలేదు. ఎందుకంటే ఆమె చెప్పింది నాకు నచ్చిన మాట.

రెండోవాడికి ఎట్లా వచ్చింది?

మరుసటేడు గంగులప్ప మోటారుసైకిలు మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కుప్పం దగ్గర నరసమ్మ పుట్టింట్లో ఐదారు నెలలు మంచం మీద ఉన్నాడు. మందను తమ్ముడు రెడ్డెప్ప పట్టుకున్నాడు. ఆ వంశంలో "బంగారం" అనిపించుకున్న చిన్నకొడుకు.

ఒక రోజు నరసమ్మ రెడ్డెప్పను తీసుకొని నా దగ్గరికి వచ్చింది. అతను పెళ్ళాన్ని తరిమేశాడు, పొరుగువాణ్ణి రాయెత్తి కొట్టబోయాడు. చెమట, నిద్ర లేకపోవడం, అంతా అచ్చం అన్నలాగే.

"రెండో కొడుకమ్మా ఈయప్ప. మరి ఈయనకు యాల వచ్చె?" అని నరసమ్మ నన్ను నిలదీసింది. "ఇంకొకటి సెప్తా ఇను. మా ఇంటాయన మా పుట్టింట్లో మెత్తబడిపోయినాడు. బిడ్డకు జడలు ఏస్తాండాడు. రక్తం కుప్పానికి పోతే మారతాదా?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు, చిన్నకొడుకులకు ఆలస్యంగా వస్తుందేమో అని గొణిగాను. ఆమె నమ్మలేదు. నాకూ లోపల ఎక్కడో గీరింది. అప్పటికి పెద్దాయన రిటైరై పలమనేరులో ఉండేవాడు. వాళ్ళను బయట కూర్చోబెట్టి, ఆయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను. నా వంశవృక్షం గురించి కొంచెం గొప్పగానే చెప్పాను. ఆయన చివరిదాకా విని ఒకే ప్రశ్న వేశాడు.

"తిక్క పడినోళ్ళ గురించి అన్నీ అడిగినావు. పడనోళ్ళు ఆ ఇంట్లో ఏ పని సెయ్యరో అడిగినావా?"

ఫోన్ పెట్టేసి నరసమ్మను అడిగాను, ఆ ఇంట్లో పెద్దకొడుకే చేసే పని ఏదైనా ఉందా అని.

"మంద పెద్దకొడుకుదే గదమ్మా. మందకు సెయ్యి మారితే అచ్చిరాదని మా అత్తోళ్ళ మాట. మేపేదానికి ఎవురైనా పోతారు, మందు పూసేది మాత్రం పెద్దోడే. ఇప్పుడు గత్యంతరం లేక రెడ్డెప్ప పూస్తాండాడు."

"ఏం మందు?"

"గోమార్లకమ్మా, గొర్రెల ఒంటిని పట్టుకొని రగతం తాగుతాయే, ఆ పురుగులకు. టమోటాకు కొట్టంగా మిగిలింది."

ఆ ఆదివారం వాళ్ళ పల్లెకు వెళ్ళాను. కొట్టం బయటికే వాసన కొట్టింది. తోటకు కొట్టే పురుగుమందు ఒక బకెట్లో కలిపి, వట్టి చేతుల్తో ఒక్కొక్క గొర్రెకూ చెవి వెనకనుంచి తోక దాకా రుద్దుతున్నారు. ముంజేతుల మీదుగా కారుతోంది. వానలు పడి గోమార్లు ఎక్కువైతే పది రోజులకొకసారి, మంద మొత్తానికి. రుద్దిన చేత్తోనే బీడీ. మందు డబ్బాలు పెట్టేది కొట్టం పక్క చిన్న గదిలో. కాపలాకని పెద్దకొడుకు పడుకునేది ఆ గదిలోనే. గంగులప్ప తండ్రి కాలంలో ఇదే పని పొడి మందుతో చేసేవారట. చిన్నాన్న ఇంట్లోనూ అంతే. చెమట, ఉమ్మి, చిన్న కంటిపాపలు, నేను కాగితం అంచున రాసుకున్నవన్నీ ఈ విషపు గుర్తులే.

తాత సంగతి అడిగాను. ఆయన కోపాన్ని కళ్ళారా చూసినవాళ్ళు ఎవరని. ఊళ్ళో అందరికంటే ముసలి ఆయన పక్కున నవ్వాడు. "ఆయప్పా? పిల్లిని కూడా అదిలించి ఎరగడు. ఆయప్పకు తిక్కని ఎవురు సెప్పినారమ్మా మీకు?"

నా కాగితం మీద ఒక నల్ల చతురస్రం అట్లా పుట్టింది. ఇవాళ కోపంగా ఉన్నవాణ్ణి చూసి జనం వెనక్కి వెనక్కి కథ అల్లుతారు, మనం దాన్ని కుటుంబ చరిత్ర అని పేరుపెట్టి రాసుకుంటాం.

రెడ్డెప్ప రక్తాన్ని బెంగళూరు పంపిస్తే, ఆ మందు దెబ్బకు పడిపోయే ఎంజైము బాగా పడిపోయి ఉందని వచ్చింది. మందు మాన్పించాం. పశువుల డాక్టరుతో మాట్లాడి వేరే మందు, చేతులకు తొడుగులు ఏర్పాటు చేశాం. డబ్బాలు గదిలోంచి తీయించాం. కొన్ని నెలలకు రెడ్డెప్ప పెళ్ళాన్ని తనే వెళ్ళి పిలుచుకొచ్చుకున్నాడు. గంగులప్ప కాలు కుదిరి తిరిగొచ్చాక కూడా మెత్తగానే ఉన్నాడు.

మందే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఒక ఇంటి కథ శాస్త్రం కాదు. కానీ ఆ ఇంట్లో తండ్రినుంచి కొడుకుకు వచ్చింది మంద, బకెట్టు, వట్టి చేతులు అని మాత్రం చెప్పగలను. అప్పట్లో పుంగనూరులో కనిపించిన ప్రతివాడికీ ఈ కథ చెప్పుకున్నాను. నరసమ్మకు కూడా పిలిచి కూర్చోబెట్టి చెప్పాను, రక్తంలో ఏమీ లేదు, భయపడకు అని. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నేను ఎంత పొంగిపోయానో!

ఉమ్మి రిపోర్టులు

మదనపల్లెలో చివరి రోజుల్లో కొత్త రకం కాగితాలు రావడం మొదలైంది. ఉమ్మి ఒక గొట్టంలో పోసి పంపితే మీ బిడ్డ గుణాలన్నీ చెబుతామనే కంపెనీలవి. ఒక జంట తమ ఆరేళ్ళ కూతురి రిపోర్టు తెచ్చారు. "దూకుడు స్వభావానికి అవకాశం ఎక్కువ" అని రంగు గీతతో ఉంది. అమ్మాయి అప్పుడు నా బల్ల కింద కూర్చొని నా చెప్పుల జత సర్దుతోంది. "ఏం చెయ్యమంటారు డాక్టర్?" అని ఆ తండ్రి భయంగా అడిగాడు. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి మళ్ళీ ఆయన జేబులోనే పెట్టాను. ఎందుకంటే, అట్లాంటి కాగితం ఒకటి రంగు గీతలు లేకుండా నేనూ గీశాను. ఆ ఇంట్లో ఇకమీదట ఆ పిల్ల గట్టిగా తలుపు వేసినా రిపోర్టే గుర్తుకొస్తుంది.

నా సలహా అడిగితే, జీన్ల గురించి చదవండి, బాగా చదవండి. వంశవృక్షమూ గీయండి. గీసిన తర్వాత దాన్ని మీ శత్రువు గీశాడనుకొని చూడండి. సగం సగం అనే మాట నోటికి వచ్చినప్పుడు, ఆ సగాన్ని ఇంటికి మోసుకుపోయే మనిషి ముఖం ఒకసారి చూడండి.

గంగులప్ప దండం

పోయిన ఏడాది మామిడికాయల కాలంలో గంగులప్ప, నరసమ్మ మదనపల్లెలో మా ఇంటికి వచ్చారు. ఆయనకు బీపీ చూపించుకోవాలని. జుట్టు నెరిసింది, మనిషి నిదానం. కూతురు పలమనేరులో పశువైద్యం డిప్లొమా చదువుతోందని చెప్పాడు. "సెలవులకొస్తే నా సేతులు వాసన సూస్తాది మా, తొడుగులు ఏసుకున్న్యానా లేదా అని" అని మురిసిపోయాడు. నాలాగే అనుమానం మనిషన్నమాట, అని నవ్వాను.

అప్పుడు ఆయన చేతులు జోడించాడు.

"ఇంకో మాట మా. ఎన్నాళ్ళ నుంచో సెప్పల్లని. ఆ పొద్దు మా ఆడమనిషికి ఒంట్లో బలం లేదని, ఇంకో కాన్పయితే మనిషి దక్కదని మీరు ఆపరేషన్ సేయించినారంట. తిక్కలో ఉండి నేను అదీ కనుక్కోలేదు. మీరు ఆమెను నాకు మిగిల్చినారు."

నేను ఎన్నడూ అట్లా చెప్పలేదు. నరసమ్మ వైపు చూశాను. ఆమె తన చేతిసంచీలోకి చూస్తోంది. "యో, బస్సు ఎన్నింటికో కనుక్కొని రాపో" అని ఆయన్ని బయటికి పంపింది.

"నేనెప్పుడు చెప్పాను నరసమ్మా, బలం లేదని?"

"మీరు సెప్పలేదు మా. ఆయప్పకు ఏదో ఒకటి సెప్పల్ల గదా."

"మరి ఎందుకు చేయించుకున్నావు?"

ఆమె నా వైపు వింతగా చూసింది, నాకు తెలియదని అనుకోలేదు కాబోలు.

"సగం సగం అంటిరి గదమ్మా."

"తర్వాత చెప్పాను కదా, రక్తం కాదు, మందు అని?" అని అడిగాను.

"సెప్తిరి. అప్పటికే అయిపోయిండె గదా."

"ఆ రోజే నాతో ఒక్క మాట అనుంటే..."

"ఏమని అనేది మా? మీరు అంత సంతోషంగా ఉంటిరి. ఆయప్పను బాగు సేసినారు, రెడ్డెప్ప కాపురం నిలబెట్టినారు. మీ సంతోషం యాల సెడగొట్టేదని గమ్మునుండిపోతి." గుమ్మం వైపు ఒకసారి చూసి, "ఆయప్పకు మగబిడ్డంటే శానా ఆశ ఉండె. తన తిక్కకు భయపడి నేను కనలేదని తెలిస్తే తట్టుకోలేడు. మీరూ సెప్పబాకండి" అంది.

దండం పెట్టిన రోజు కూడా ఆ చేతుల వెనక ఇది ఉంది. నేను చూడలేదు. పదిహేనేళ్ళు ఆ కథను నా గెలుపుగా చెప్పుకు తిరిగాను.

గంగులప్ప వచ్చి, బస్సు ఇంకో పది నిమిషాలకు ఉందన్నాడు. గుమ్మం దగ్గర సంచీలోంచి మామిడికాయలు తీసి అరుగు మీద పెట్టాడు, మళ్ళీ దండం పెట్టాడు.

"మీరు సేసిన మేలు మరువలేము మా."

నరసమ్మ ఆయన వెనక నిలబడి నన్నే చూస్తోంది.

"నాదేముందప్పా, జాగ్రత్తగా పోయి రాండి" అన్నాను.